తంగేడు పువ్వుతో జోడు చూసిన ఫోటో

ఆ రోజుల్లో మాకు రెండే పనులు. శిబిరంలో కూర్చోవడం, కూర్చున్నచోటే కలలు కనడం. రాష్ట్రం వస్తే ఏమేం వస్తాయో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకునేవాళ్లం. నాకు ఉద్యోగం వస్తుందనీ, దాంతోపాటు మొహానికి కాస్త కళ కూడా వస్తుందనీ గట్టి నమ్మకం (రెండోదానికీ రాష్ట్రానికీ ఏం సంబంధమని అప్పట్లో ఎవరూ అడగలేదు). జనగామ మెయిన్‌రోడ్డు మీద ఒక గదిలో అద్దెకుంటూ కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. సమ్మె మొదలయ్యాక సెంటరు మూతపడింది. సరిగ్గా నా కిటికీ ముందే దీక్షా శిబిరం వెలిసింది. గులాబీ రంగు షామియానా, దాని తాడొకటి నా కిటికీ ఊచకే కట్టారు. పొద్దెక్కితే ఎండ ఆ గుడ్డలోంచి వడగట్టుకుని లోపలికి దిగేది. పెచ్చులూడిన గోడ, నిన్నటి అన్నం గిన్నె, అద్దంలో నా మొహం, అన్నీ పెళ్లివారింటి సామాన్లలా కనిపించేవి. బయట డప్పులు, పాటలు. లోపల నేను మంచం మీద వెల్లకిలా పడుకుని రానున్న కాలాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. అంత హాయిగా మళ్లీ ఎన్నడూ లేను.

ఆ హాయిని చెడగొట్టింది మా అవ్వ, అంటే మా నాయిన తల్లి. అవ్వా తాతా పెద్దవంగరలో మా చిన్నాయన దగ్గర ఉండేవారు. అవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. వరంగల్ దవాఖానలో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. "బల్ల మీదికెల్లి లేస్తనో లేవనో, గోడకు పెట్టెతందుకు ఒక్క మంచి ఫోటో తియ్యి బిడ్డా" అంది. "పక్కింటి ముసల్ది పోతే రేషన్‌కార్డు ఫోటో పెద్దగ జేసి పెట్టిండ్రు. దొంగలెక్క ఉన్నది." బతుకమ్మనాడు తంగేడు పువ్వు రంగు చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంటే, కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో తీశాను. బందుల పుణ్యమా అని స్టూడియోలన్నీ మూసి ఉన్నాయి. అయినా నాకేం భయం? నా గదిలో కంప్యూటరూ, కలర్ ప్రింటరూ ఉన్నాయి, రంగులు దిద్దే విద్య నాకు కొట్టిన పిండి (అని నేనే అనుకునేవాణ్ణి).

మొదటి ప్రింటు తెర పక్కన పెట్టి చూస్తే అవ్వ సిగ్గుపడ్డ పెళ్లికూతురిలా ఎర్రబారి ఉంది. తెర మీద మాత్రం బాగానే ఉంది. ప్రింటరుకు ఎరుపు పిచ్చి పట్టిందని తేల్చేసి, ఎరుపు కొంత తగ్గించాను. ఇంకొంత తగ్గించాను. ఆరో కాగితానికి రెండూ అచ్చంగా కలిశాయి. బస్సులు లేవు కాబట్టి బండి మీద పెద్దవంగరకు పరుగెత్తాను. తాత ఫోటోను ఎండకు పట్టుకుని, "గీమె ఎవ్వరు?" అన్నాడు.

"అవ్వే తాతా."

"మా ముసల్దానికి నాచు ఎప్పుడు పట్టిందిరా?"

నిజమే, వాకిట్లో చూస్తే అవ్వ మొహం ఆకుపచ్చగా ఉంది, చీర బీరకాయలా ఉంది. అవ్వ మాత్రం ఫోటోను ముక్కుకు ఆనించుకుని చూసి, "మంచిగనే ఉన్నది కదా. ముక్కు, మూతి అన్ని ఉన్నయి" అంది. నేను చింపబోతే లాక్కుని, నాలుగు అన్నం మెతుకులు పెట్టి వంటింటి గోడకు అతికించేసింది.

జనగామకొచ్చి ప్రింటరు కడిగాను, సిరా మార్చాను, మళ్లీ కొట్టాను. రెండోసారి తీసుకెళ్లిందీ ఆకుపచ్చే. ఆపరేషన్‌కు ఇంక మూడు రోజులే ఉంది. తాత ఈసారి నవ్వలేదు. "గీ చీర తొర్రూరు దుకాణంల ఎట్ల తెచ్చిన్నో ఎరుకేనా? రుమాల్ల తంగేడు పువ్వు కట్టుకపోయి, దానికి జోడు జూసి తెచ్చిన. నువ్వు దేనికి జోడు జూస్తున్నవ్?" అని, కంచె పక్కనున్న తంగేడు కొమ్మ విరిచి నా జేబులో పెట్టాడు.

మర్నాడు గదిలో ఆ కొమ్మను ప్రింటు పక్కన పెడదామని చూద్దును కదా, పువ్వే నారింజ రంగులో ఉంది! వాడిపోయిందనుకుని బయటికి తీసుకెళ్లాను. రోడ్డు మీద బంగారంలా ఉంది. లోపలికి తెచ్చాను, నారింజ. ఇలా నాలుగుసార్లు గడప దాటాక, తల ఎత్తి షామియానా వంక చూశాను. తెరకు సొంత వెలుగుంది, కాగితానికి లేదు. ఇన్నాళ్లూ ఆ గులాబీ వెలుతురులో కూర్చుని, కాగితం మీద పడ్డ ఎండ రంగును అవ్వ మొహంలోంచి తోడేస్తున్నానన్నమాట.

"అన్నా, షామియానా జర జరుపుతరా? మా అవ్వ రంగు ఖరాబైతాంది" అని శిబిరంలో అడిగాను.

"రాష్ట్రం కోసం కూసుంటే నడుమ నీ అవ్వ రంగేందిరా?" అన్నాడొక అన్న. సంగతంతా చెప్పాను. తర్వాత ఆ అన్నే లేచి తాడు విప్పాడు. ఉపవాసమున్న పదకొండు మంది తలల మీద తువ్వాళ్లు వేసుకుని ఎండలో కూర్చున్నారు. నేను ప్రింటు తీయడం, పువ్వు పక్కన పెట్టి చూపడం, వాళ్లు తలలూపడం. "ఇంక జర పసుపు", "చాలు చాలు" అని చేతులు మారి మారి నాలుగో కాగితం ఖాయమైంది. మామూలు వెలుతురులో నా గది మాత్రం వట్టి పెచ్చులూడిన గదే. దాన్నలా చూడలేక, మళ్లీ తాడు నేనే కట్టాను.

ఆ ఫోటో చూసి తాత "ఆఁ" అన్నాడు, అంతే. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక అవ్వ ఫోటో చూసుకుని "గింత ముసల్దాన్నా నేను?" అని రెండు రోజులు బాధపడి, ఆ తర్వాత ఏళ్లపాటు సుఖంగా బతికింది. రాష్ట్రం వచ్చింది. భూపాలపల్లిలో నాకు ఉద్యోగమూ వచ్చింది. కళ రాలేదు.

అవ్వ పోయాక ఆ మధ్య పెద్దవంగర వెళ్లాను. పటం కట్టించిన ఫోటో, పదకొండు మంది ఎండలో కూర్చుంటే ప్రింటు తీసిన ఫోటో, ఇన్నేళ్ల వెలుగుకు రంగు దిగి గులాబీగా మారిపోయింది. నేను అంత కష్టపడి తీసేసిన రంగు తనంతట తానే వచ్చి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. తాత నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాడు. అన్నం మెతుకులతో అతికించిన ఆ పాత ఆకుపచ్చ ఫోటో ఇంకా గోడ మీదే ఉంది. కిటికీ ఎండకు అందులోని ఆకుపచ్చంతా ఎగిరిపోయి, చీర తంగేడు పువ్వయింది. మొహం అవ్వ మొహమయింది. అప్పుడు నాచు పట్టిందన్న ఆ కాగితాన్నే తాత వేలితో తడిమి, "ఇగ గిప్పుడు మంచిగొచ్చింది బిడ్డా" అన్నాడు.