ఇంజిన్ పాటను నమ్మని ఉస్తాద్

మా షెడ్డు పెద్ద మెకానిక్, మా ఉస్తాద్ పోయారని జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. సెలవు మీద వెళ్ళి పన్నెండు రోజులే అయింది. గుండెపోటు. ఇక్కడ గల్ఫ్‌లో, ఇండస్ట్రియల్ ఏరియాలోని మా షెడ్డులో ఆ పూట ఎవరమూ పానా పట్టుకోలేదు.

మాది కాస్త విచిత్రమైన పని. మంచు దేశాల నుంచి, మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్ల ఇంజిన్లు తెప్పించి, తేలికపాటి బగ్గీ కార్లలో బిగించి, చలికాలం శుక్రవారాల్లో సీలైన్ అనే ఎడారి తీరపు ఇసుకలో వేగం పరీక్షిస్తాం. మంచు కోసం చేసిన ఇంజిన్ ఎడారిలో బతకడం ఉస్తాద్ చేతి చలవే. నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగినవాణ్ణి. ఆయన పదో తరగతి దాటలేదు. "ఇంజనీర్ సాబ్" అంటూ నన్ను ఏడిపించేవారు. ఇంజిన్ ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టి, "ముందుగాల దీని మొఖం సూడు. చాయ్ రంగుంటే కుషీగ ఉన్నట్టు. తెల్లగయ్యిందా, పెట్రోల్ సాలక సస్తున్నట్టు" అనేవారు.

చేరిన ఆరో నెలలో నేను పెద్ద తప్పు చేశాను. మధ్యాహ్నం ఎండలో, షెడ్డులోనే ఇంజిన్ సరిచేసి, పెట్రోలు వెళ్ళే జెట్లు ఆ వేడికి సరిపోయేంత చిన్నవి బిగించాను. చలిగాలి చిక్కన, దానికి పెట్రోలు ఎక్కువ కావాలి. మర్నాడు పొద్దున్నే ఇసుక దిబ్బల దగ్గర స్వెట్టర్ వేసుకుని వణుకుతూ కూడా ఆ సంగతి నాకు తట్టలేదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్క అది!

బండి నడిపేది మా కఫీల్, అంటే షెడ్డు యజమాని. మొదటి పరుగులో ఇంజిన్ ఎన్నడూ లేనంత హాయిగా పాడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. రెండోది పూర్తి వేగంతో వెళ్ళాల్సిన పరుగు. పెట్రోలు చాలని ఇంజినే అలా పాడుతుందని తెలిసిన ఉస్తాద్ మాత్రం వెళ్ళి బగ్గీకి అడ్డంగా నిలబడ్డారు.

"యల్లా, హటో!" అంటూ తప్పుకోమని కఫీల్ అరిచాడు.

"మాఫీ, అర్బాబ్. ఇంజిన్ బంద్ కరో." కుదరదు దొరా, ఇంజిన్ ఆపమన్నారు ఉస్తాద్.

విప్పి చూస్తే ప్లగ్గు సున్నం పూసినట్టుంది. ఆ వేగంలో పిస్టన్ పట్టేసి ఉంటే బండి పల్టీలు కొట్టేది, మనిషి దక్కేవాడు కాదు.

"కిస్‌నే కియా?" ఎవరు చేశారని కఫీల్ నిలదీశాడు.

నాది కొత్త వీసా. తల వంచుకుని ఆ ప్లగ్గు వైపే చూశాను.

"మైనే" అన్నారు ఉస్తాద్, తప్పు తన మీద వేసుకుని.

ఆ రోజు నుంచి కఫీల్ ఆయన్ను దిబ్బలకు రానివ్వలేదు. ప్రాణం పెట్టి చేసిన ఇంజిన్లు పరుగెత్తుతుంటే చూసే భాగ్యం లేకుండా పోయింది. నిజం చెప్పేస్తానంటే కసిరారు. "నోరు మూస్కో. నన్ను పంపిస్తే ఇంటికే గద పోత. నిన్ను పంపిస్తే మల్లొస్తవా?"

శుక్రవారాల్లో నేను ఇంజిన్ పక్కన ఫోన్ పెడితే, షెడ్డులో కూర్చుని వినేవారు. "ఇంకొద్దిగ తాపు దానికి" అనేవారు, పెట్రోలు ఇంకాస్త పెంచమని. ఒక్కసారి కూడా ఆయన లెక్క తప్పలేదు. రెండు చలికాలాలు మెప్పంతా నాకే దక్కింది. నేను సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఆయన పోయాక, మొన్న శుక్రవారం దిబ్బల దగ్గర, వచ్చీరాని హిందీలో కఫీల్‌కు అంతా చెప్పేశాను. హెల్మెట్ పెట్టుకోబోతున్నవాడు ఆగిపోయాడు.

"దో సాల్?" అన్నాడు, రెండేళ్ళా అని.

అవునన్నాను. నన్ను పంపించేస్తాడనే అనుకున్నాను. అతను మాత్రం వెళ్ళి బగ్గీలో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఎండ చుర్రుమనేదాకా అలాగే ఉండిపోయాడు.