శ్రీకూర్మానికి రెండు కార్డులతో

శ్రీకూర్మం గురించి రాసేవాళ్లంతా తాబేళ్ల ఫొటోలు పెడతారు. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. నేను వెళ్లింది పుట్టి పన్నెండు రోజులైన నా మనవడి మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తేవడానికి. ఇలాంటి పనిమీద చుట్టాల ఇళ్లకు బయల్దేరాల్సినవాళ్లు నాతోపాటు ఇంకొందరు ఉండే ఉంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. పుణ్యం కోసం వెళ్లేవాళ్లకు కూడా బస్సుల సంగతి పనికొస్తుంది.

మాది కుండమార్పు సంబంధం. మా చెల్లెలు అన్నపూర్ణ కూతుర్ని నా కొడుక్కి చేసుకుని, నా కూతురు లలితను ఆమె కొడుక్కి ఇచ్చాను. రెండు పెళ్లిళ్లూ ఒకే పందిట్లో జరిగాయి. భోజనాలు బాగున్నాయని మెచ్చుకున్న బంధువులే తర్వాత మా గుమ్మం తొక్కడం మానేశారు. నా కొడుకు కూతురు చిన్నికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మాట రాదు. మాట ఆలస్యమైతే కంగారెందుకని ఒక డాక్టరు నవ్వాడు. తాయెత్తు కట్టినాయన నవ్వలేదు గానీ దక్షిణ తీసుకున్నాడు. ఫిట్స్ మొదలయ్యాక, ఏడో ఏట, విశాఖలో పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ అసలు సంగతి కనిపెట్టింది. మెదడుకు ఇంధనంలా పనిచేసే క్రియాటిన్ అనే పదార్థం చిన్ని ఒంట్లో తయారు కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. అదే పదార్థాన్ని పొడిగా నీళ్లలో కలిపి తాగించాలి, పప్పు, పాలు కొలిచి పెట్టాలి. పుట్టిన వారాల్లోనే మొదలుపెడితే బిడ్డ అందరిలాగే పెరిగే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఫిట్స్ తగ్గుతాయి గానీ పోయిన మాట తిరిగిరాదు. చిన్నికి ఫిట్స్ తగ్గాయి.

మా బావ, అంటే అన్నపూర్ణ భర్త, గుడి సేవలో ముసలివాడైన మనిషి. చిన్ని జబ్బు బయటపడ్డ నెలలోనే "అది వాళ్ల వంశపు రోగం, మాకు సంబంధం లేదు" అని గుడి మంటపంలో పదిమందిలో అన్నాడు. ఆ రోజు నుంచి రాకపోకలు లేవు. లలిత కడుపుతో ఉన్నప్పుడే పరీక్ష చేయించమని డాక్టరమ్మ కబురుపెడితే అదీ సాగనివ్వలేదు. మగపిల్లాడు పుట్టాడని నాకు ఫోనులో తెలిసింది. పురుడు వెళ్లిన రాత్రి లలిత మళ్లీ ఫోను చేసి, "నాన్నా, రేపు రా. ఎవరేమన్నా నువ్వు రా" అంది.

డాక్టరమ్మ నాకు ముందే రెండు కార్డులు ఇచ్చి ఉంచింది. మందపాటి కాగితం మీద గుండ్రని గళ్లుంటాయి, వాటిలో రక్తం ఇంకించాలి. ఒకటి బిడ్డకు. రెండోది, ఆయన ఒప్పుకుంటే, బావకు. ఆయన కూతురికి, అంటే చిన్ని తల్లికి, ఆ జన్యువు తండ్రి నుంచి వచ్చిందో తల్లి నుంచి వచ్చిందో తెలిస్తే వంశంలో ఎవరెవరికి పరీక్ష చేయాలో తేలుతుంది. అది ఆమె అవసరం. నా అవసరం వేరు. ఆ కార్డు మీద బావ రక్తం పడి, అందులో ఆ దోషం కనబడి, ఆ కాగితాన్ని అదే మంటపంలో చదివి వినిపించాలని నాకు ఉండేది.

విజయనగరం కాంప్లెక్సులో ఉదయం ఆరున్నరకు శ్రీకాకుళం బస్సెక్కాను. టిక్కెట్టు వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది, ప్రయాణం రెండు గంటల లోపే. ఎడమవైపు కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. శ్రీకాకుళం కాంప్లెక్సు బయట శ్రీకూర్మం వెళ్లే షేరు ఆటోలు దొరుకుతాయి. నిండేదాకా కదలవు. నేను తొందరలో ఉన్నానని చూసి డ్రైవరు ముందు సీటు ఇచ్చాడు.

"ఏటి తాతా, తాబేళ్లు సూడ్డానికా?"

"మనవణ్ణి చూడ్డానికి. ఇదే మొదలు."

"అయితే ఒట్టి సేతుల్తో ఎల్తన్నావేటి? బిస్కట్లైనా కొను."

"వాడికి పళ్లు లేవోయ్."

"ఆడికి నేవు. ఆ ఇంట్లో పళ్లున్నోళ్లు ఉండరేటి? గుమ్మంలో ఆళ్లే కదా ముందు సూసేది."

కొన్నాను.

బావ అరుగు మీదే ఉన్నాడు. లేవలేదు.

"ఏటి బావా, దారి తప్పేవా?"

"పన్నెండు రోజులు ఆలస్యమైంది గానీ దారి తప్పలేదు."

"పిల్లాణ్ణి సూడు, భోంచెయ్యి, ఎల్లు. ఆడి కాలు గుచ్చడాలూ అవీ ఇక్కడ కుదరవు. మీ రోగం మా ఇంట్లో ఎతకొద్దు."

అంతలో లలిత బిడ్డతో గుమ్మంలోకి వచ్చింది. మా అల్లుడు తండ్రి ఎదుట నోరు విప్పే రకం కాదు, డ్యూటీకి పోయాడు. లలిత మాత్రం, "మావయ్యా, నర్సమ్మకి నేనే చెప్పాను. వీడికి తల్లిని నేను. చిన్నిని చూసి కూడా వద్దంటే, రేపు వీడికి మాట రాకపోతే ఎవర్ని అడగను?" అంది. గొంతు పెంచలేదు. బావ కండువా భుజాన వేసుకుని పెరట్లోకి పోయాడు. దాన్నే మేము అనుమతి అనుకున్నాం.

అదే వీధిలో ఉండే నర్సు పైడమ్మ వచ్చి మడమ తుడిచి గుచ్చింది. చుక్క పెద్దదయ్యాక గడికి తాకిస్తే కాగితం పీల్చుకుంది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు నచ్చింది. చిన్ని ఆ వయసులో అంత గట్టిగా ఏడ్చేది కాదు.

కార్డు నీడలో మూడు నాలుగు గంటలు ఆరాలి. ఎండ తగలకూడదు, చెయ్యి తగలకూడదు. దాన్ని దేవుడి గూటి పక్క బల్ల మీద పెట్టి గుడికి వెళ్లాను. మధ్యాహ్నం గుడి మూస్తారు, వేళ కనుక్కుని వెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంటుంది. పాలకడలి చిలికినప్పుడు కవ్వమైన కొండను వీపున మోసిన స్వామి ఇక్కడున్నాడు. అమృతం కథ అందరికీ ఇష్టమే. ముందు వచ్చింది విషమని, అది ఒకరు మింగాల్సి వచ్చిందని అంతగా గుర్తుండదు. విశాఖ డాక్టరమ్మ కూడా నాకు అమృతం చూపించలేదు. సరైన జన్యువును మెదడుకు చేర్చే మందు కోసం పరిశోధనలు నడుస్తున్నాయని, ఇంకా ప్రయోగశాల దాటలేదని చెప్పింది. "చిన్నికి అందుతుందని మాట ఇవ్వలేను మాస్టారూ" అంది. నాకు మాట ఇవ్వని డాక్టరు ఆమె ఒక్కతే. అందుకే నమ్మాను.

తిరిగి వచ్చేసరికి కార్డు నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. శుభమైన కాగితం ఏదైనా గడప దాటేముందు పసుపు రాయడం మా ఇళ్ల అలవాటు. మా చెల్లెలు నీళ్లలో కలిపి దండిగా రాసింది. అది పాకి రక్తపు గళ్లలోకి దిగిపోయింది.

"మంచి కబురు రావాలని రాసేను అన్నయ్యా" అంది అన్నపూర్ణ, నా ముఖం చూసి. "తప్పైపోయిందేటి?"

నేను డాక్టరమ్మకు ఫోను చేశాను. అది పనికిరాదు, మళ్లీ తీయండి అంది. సంచిలో రెండో కార్డుంది. దాని అంచు కనబడేదాకా సంచి తెరిచి, మళ్లీ మూశాను.

"ఉన్నాది కదా ఇంకోటి, తియ్యవేం?" అంది చెల్లెలు.

"ఇది బావ కోసం తెచ్చింది. ఎవరి రక్తంలో ఉందో తేల్చడానికి."

అన్నపూర్ణ వంటింటి గుమ్మం పట్టుకుని, పెరటి వైపు ఒకసారి చూసింది. "ఆయన్ది కాదని తేలితే, అది నాదే అవుతాది కదా అన్నయ్యా. నేనిచ్చిందే అవుతాది" అంది.

నేను ఎన్నో చదివాను. విదేశీ పత్రికల్లో వచ్చిన వ్యాసాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ కార్డు మీద తీర్పు రాయించుకునేది బావ ఒక్కడే అనుకుంటూ వచ్చాను. దాన్ని తీసి లలిత చేతికిచ్చాను.

పైడమ్మ మళ్లీ వచ్చింది. రెండోసారి గుచ్చబోతే లలిత బిడ్డ మడమను కొంగుతో కప్పేసింది. పెరట్లోంచి బావ వచ్చి, కండువా తీసి పక్కన పెట్టి, బిడ్డను ఒళ్లోకి తీసుకుని మడమ తనే పట్టుకున్నాడు. అయిపోయాక ఏడుస్తున్న వాణ్ణి భుజాన వేసుకుని, ఎడమచేతి వేలు నర్సు ముందు పెట్టాడు.

"నాదీ తియ్యి. మా బావ అందుకే కదా ఇంత దూరం వచ్చేడు."

"కార్డు లేదు బావా" అన్నాను.

"అదేటి, ఒకటెక్కువ తెచ్చుకోవద్దూ? అంత సదివేవు."

ఆవ పెట్టిన అరటికాయ కూరతో భోజనం పెట్టారు. కార్డు ఆరేసరికి చీకటి పడింది. ఆఖరి ఆటోకి శ్రీకాకుళం చేరి, అక్కణ్ణుంచి విశాఖ బస్సెక్కాను. రెండున్నర గంటలు పట్టింది. మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ చేతికి ఇచ్చాను.

మనవడికి ఆ జబ్బు ఉంది. ఫలితం తెలిసిన రోజే పొడి మొదలుపెట్టారు. ఇప్పుడు వాడికి ఎనిమిదో నెల. అత్త, తాత అని ఏవో కూస్తున్నాడని లలిత ఫోనులో వినిపిస్తుంది. వాడి ఫొటో పక్కన చిన్ని ఫొటో పెట్టుకుని చూస్తాను. చిన్నికి జరిగినదానికి నాకున్న కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు, అది తగ్గలేదు కూడా. మంటపంలో అన్న మాటకు బావను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. డాక్టరమ్మ ఇంకో కార్డు పంపింది, అది నా బీరువాలో ఉంది. అన్నపూర్ణ పంపమన్న రోజున పంపిస్తాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. అడిగినదానికంటే ఒక కార్డు ఎక్కువ తీసుకెళ్లండి, ఇంట్లో పెద్దావిడ ఉంటే కార్డు ఆరేలోపే దాన్ని పెట్టే కాగితపు కవరు ఆవిడ చేతికి ఇవ్వండి. ఆ రోజు బయల్దేరబోతుంటే మా చెల్లెలు, "పోనీ కవరుకి పసుపు రాయొచ్చా?" అని అడిగింది. రాయమన్నాను. కార్డుకైతే వద్దు గానీ, కవరుకు నాలుగు మూలలా రాయవచ్చు.