యారాలి చేతికి పోయిన మిషన్

మొన్న మనవరాలికి గౌను కొందామని కరీంనగర్‌లో ఓ పెద్ద బట్టల దుకాణానికి పోతే, గుమ్మంలో నిలబెట్టిన మెటల్ డిటెక్టర్ చట్రం నా కడియాలను చూసి కుయ్యిమంది. పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఫోన్ మీంచి తల ఎత్తకుండానే లోపలికి పొమ్మని చెయ్యి ఊపింది. ఆమెకు అదో లెక్కలోని సంగతే కాదు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే ఎన్నేళ్ల కిందటి మంటో మళ్లీ రగిలింది.

మగ్గాలు సరిగా నడవని రోజులవి. మా ఆయన, మరిది ఇద్దరి కూలీతో ఇల్లు గడవక, నేనూ మా యారాలూ, అంటే మా మరిది భార్య, కొండగట్టు హనుమంతుడి గుడి మెట్ల దగ్గర ఆడవాళ్ల వరుసను చూసుకునే పనికి కుదిరాము. తోటికోడళ్ల సంగతి నా ఈడు ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంటికి పెద్దకోడలిని నేను, పనిలో ముందు చేరింది నేను, ఇద్దరు పిల్లల తల్లిని నేను; ఆమెకు పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. అందుకే ఏది వచ్చినా ముందు నా చేతికే రావాలనుకునేదాన్ని.

ఓ ఏడు అంజన్న జయంతికి ముందు మా గుత్తేదారు కొత్త మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. బట్టలుతికే కట్టెలాగ నల్లగా ఉంది. జనం తగ్గాక మా ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటాననీ, మిషన్ బాగా పట్టుబడ్డవాళ్లదే ఆ పని అనీ ముందే చెప్పి, మనిషికి జానెడు దూరంలో, తాకకుండా, మెల్లగా కిందికి దించాలని ఇద్దరికీ నేర్పించాడు.

ముందు నేను పట్టుకున్నాను. చేతికి అలవాటైన తిప్పుడే వచ్చింది. పిల్లలకు దిష్టి తీసినట్టు మనిషి చుట్టూ తిప్పాను. అది చాలదన్నట్టు తల దగ్గర మొదలుపెట్టేసరికి, ముందున్న ముసలమ్మ దాన్ని శఠగోపం అనుకుని చేతులు జోడించి తల వంచింది. ఆమెను చూసి వెనకామె వంచింది, ఆ వెనక వరుసంతా వంగుతూ వస్తుంటే కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకామె నెత్తికి ఆనించమ్మా అని అడిగితే ఆనించాను కూడా; జడపిన్నులకు మిషన్ అరిచింది, గుత్తేదారు తల పట్టుకున్నాడు. మా యారాలు దాన్ని తీసుకుని నడుము దగ్గర మొదలుపెట్టింది. నడుము దగ్గర పెడితే ఎవరు మొక్కుతారు? వరుస చకచకా కదిలింది. మిషన్ ఆమెకు పోయింది, నాకు కొబ్బరికాయల సంచులు తెరిపించి చూసే పని మిగిలింది.

ఇంటికి పోతే మా అత్త ఆమెకు ముందు చాయ్ పోసింది. మామ అది ఎట్లా మోగుతుందో అడిగి అడిగి చెప్పించుకుని మురిసిపోయాడు. ఆ మిషన్ జయంతి నాడే పాడైపోవాలని అంజన్నకే మొక్కుకున్నాను.

జయంతి నాడు అది బాగానే మోగింది, ఓ బాలింత నడుము దగ్గర. చంకలో పసిపిల్ల, చీర కుచ్చిళ్లలో దోపుకున్న చిన్న కత్తి. గాలిధూళి సోకకుండా బాలింత ఇనుము దగ్గరుంచుకోవడం మా వైపు ఆనవాయితీ. కత్తితో లోపలికి పంపకూడదు. తీస్తే పిల్లకేమవుతుందోనని ఆమె ఏడుపు. వరుస ఆగిపోయింది, వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. ఇప్పుడు చిక్కింది అని నాకు లోపల సంబరంగా ఉంది. మా యారాలు తన నడుముకున్న ఇంటి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"గివి గూడ ఇనుపయే బిడ్డా. గివి పట్టుకోని పోయి దండం పెట్టుకో. నీ కత్తి నా కాడ ఉంటది, వచ్చినంక తీసుకో."

తిరిగి వచ్చాక ఆ బాలింత కత్తిని మళ్లీ నడుముకు దోపుకుంటూ పసిపిల్లను కాసేపు మా యారాలి చేతుల్లో పెట్టింది. అదంతా చూసిన గుత్తేదారు ఆ పొద్దే పని ఆమెకని చెప్పేశాడు. ఇద్దరిని కన్నది నేను, బాలింత భయం అర్థమైంది ఆమెకు. నేను ఇంట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటుంటే, ఆమె ఖాకీ అంగీ వేసుకుని పొద్దున్నే బస్సుకు పోయేది. ఆ అంగీ దండెం మీద ఆరుతున్నా నాకు కళ్లు మండేవి.

ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్లమయ్యాము, ఇల్లు రెండు వాటాలయింది. దుకాణం నుంచి వచ్చిన సాయంత్రం ఆమె గడపలో కూర్చుని ఆ మిషన్ సంగతి ఎత్తాను. ఆమె బియ్యం చేట ఒళ్లోకి లాక్కుంది.

"మిషన్ అంతగ యాదికి లేదక్కా. గా పసిపిల్ల యాదికున్నది. గా పొద్దు ఇంటికి రాంగనే నీ పిల్లలు నీకు ఎదురు ఉరికొచ్చిండ్రు. మస్తు కుళ్లుకున్న నీ మీద."

అనేసి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. ఇప్పుడు నా కోడళ్లకు వేరు పొయ్యిలు, వేరు బండ్లు. ఒకరు చేసే ఉద్యోగం ఏమిటో ఇంకొకరికి సరిగా తెలియదు, కుళ్లుకోవడానికైనా కొంచెం దగ్గరితనం ఉండాలి కదా. మేము ఒక్క పొయ్యి దగ్గర బతికాము, ఒకరి బతుకు ఇంకొకరి కళ్లలోనే ఉండేది, అయినా ఆమె లోపలిది నాకు ఇన్నేళ్లకు తెలిసింది. అంత మాట ఆమె ఎంత తేలిగ్గా అనేసిందో. అదే మాట నా నోటి దాకా వచ్చి ఎన్నిసార్లు ఆగిపోయిందో. దీంట్లో కూడా నాకంటే ముందు ఆమే.