సాయంత్రంలోగా ఒక లాంగ్వేజ్

సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చేసరికి ప్రవళిక కాంటా గదిలో ఉంది. కిటికీ బయట వడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు దాటి రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి.

"ప్రవళికా, నేను కృపను. పరీక్షకు ఏ లాంగ్వేజ్ రాసుకోమంటవ్? సి, జావా, పైథాన్, మూడిట్ల ఏదో ఒకటి. దేని పేపర్ దానికే ఉంటది. చెప్పినంక మార్సుడుండదు."

"ఇప్పుడే చెప్పాల్నా మేడం?"

"సాయంత్రం ఆఫీస్ మూసేలోపల చెప్పు."

కృప సూర్యాపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తవాళ్లను తీసుకునే పని చూస్తుంది. అక్కడి ఉద్యోగానికే ఈ పరీక్ష. ప్రవళికది గరిడేపల్లి దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక మిర్యాలగూడలోని ఈ మిల్లులో చేరింది. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం కంప్యూటర్‌లో ఎక్కించి చీటీ ఇవ్వడం ఆమె పని. వచ్చే సీజన్‌కు ఇక్కడ కెమెరా పెడుతున్నారు. బండి నంబరు అదే చదువుకుంటుంది, చీటీ అదే ఇస్తుంది. ఇక గదిలో మనిషి అక్కర్లేదు. ఆ మాట యజమాని మెత్తగానే చెప్పాడు. ఈ పరీక్ష కూడా పోతే ఏం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ప్రవళిక లేచి, దాహం లేకపోయినా నీళ్లు తాగి వస్తోంది.

నిరుడు ఆమె కోదాడలో ఆదివారం కంప్యూటర్ క్లాసులకు వెళ్లింది. "పునాది లేకుండా ఇల్లు కడతారా అమ్మా? ముందు సి నేర్చుకోండి, మిగతావన్నీ అవే వస్తాయి," అన్నారు అక్కడి సారు. సి మొదలుపెట్టింది. దసరాకు ఊరికొచ్చిన మేనబావ లక్ష్మణ్ ఆ మాట విని నవ్వాడు. "ఈ కాలంల సి ఎవడు అడుగుతుండు? కొలువు కావాల్నంటే జావా." భయపడి జావా కూడా మొదలుపెట్టింది. తర్వాత ఫోన్‌లో పాఠాలు చెప్పే ఒకమ్మాయి, మొదటిసారి నేర్చుకునేవాళ్లకు పైథానే సులువంది. అదీ మొదలైంది. ఏదీ వదల్లేదు. ఒకటి పనికిరాకపోతే ఇంకొకటి ఉంటుందిలే అనుకుంది. వాళ్లింట్లో ఏ పనైనా అలాగే చేస్తారు. నాన్న నర్సింహ జీవాలను కూడా ఒక్క దొడ్లో ఉంచడు. రోగమొస్తే అన్నీ పోతాయని సగం తమ్ముడి దొడ్లోకి తోలుతాడు.

కాంటా మీద రాలిన వడ్లు ఊడ్చే యాదమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

"మూడిట్ల ఒకటి చెప్పమంటున్నరు పెద్దమ్మా. ఏది చెప్పాల్నో తెలుస్తలేదు."

"ముగ్గురు పిలగాండ్లు సూసిపోయినట్టుంది నీ కథ. అందరికీ చాయ పోస్తివి, ఎవ్వనికీ మాటియ్యకపోతివి."

ప్రవళికకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "మాటిచ్చినంక వాడు మంచోడు కాకపోతే?"

"గప్పుడు నా దగ్గరికొచ్చి ఏడువు. ఇప్పట్నించే ఎందుకు?" అంటూ యాదమ్మ చీపురు దులుపుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం, ఊరి నుంచి వడ్లు తెచ్చిన నాన్న ట్రాక్టర్ వరుసలో ముందుకొచ్చింది. తూకానికి ముందే వడ్లు చూసే సైదయ్య ట్రాలీలోంచి పిడికెడు తీసి, అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదాడు. ఇంకోచోట చెయ్యి పెట్టి మళ్లీ తీశాడు.

"నర్సింహన్నా, ఇవి రెండు రకాలున్నయ్."

"రెండూ సన్నాలే గద సైదయ్యా."

"సన్నాలే. గని ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక్కపారే మిషిన్ల పోస్తే సగం నూకైతది. మేం తీసుకోం. జర పక్కకు పెట్టించు, ఎనక బండ్లున్నయ్."

నర్సింహ ట్రాక్టర్ పక్కకు పెట్టించి కిటికీ దగ్గరికొచ్చాడు. "ఒక విత్తనం దెబ్బతింటే ఇంకోటన్న దక్కుతదని సగం సగం ఏసిన బిడ్డా."

"మరి యేరేయేరే కోయించకపోయినవా నాయినా?"

"మబ్బు పట్టె. కోతమిషినోడు ఆగుతడా? రెండూ ఒక్క ట్రాలీలనే కుమ్మరిచ్చిండు." తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "నీ పరీక్ష ముచ్చటేమాయె?"

"సాయంత్రంలోపల ఒకటి చెప్పాలె."

"మూడొస్తయని చెప్పు. మూడొచ్చినదాన్ని ఎవలన్న కాదంటరా?"

అతను వేరే మిల్లులకు ఫోన్లు చేయడానికి గోడ నీడలోకి వెళ్లాడు. ప్రవళిక బండికీ బండికీ మధ్య తన ఫోన్ తెరిచింది. నిరుటి నుంచి మూడు లాంగ్వేజ్‌లలోనూ ఆమె రాస్తున్నది ఒకే ప్రోగ్రాం. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసేయాలి, వడ్లలో తేమకు కొంత తగ్గించాలి, చీటీ రాయాలి. ఒక్క బండికైతే మూడింటిలోనూ వచ్చింది. రోజంతా వచ్చిన బండ్లను గుర్తుపెట్టుకోవాల్సిన చోట సి కష్టమైంది. అప్పుడే లక్ష్మణ్ మాట గుర్తొచ్చి జావాకు వెళ్లింది. జావాలోనూ అక్కడే ఆగింది. మంచిదాని కోసం మారుతున్నాననుకుంది కానీ, కష్టమైన చోటు రాగానే లేచి వెళ్లిపోయింది. పైథాన్‌లో మాత్రం ఒకసారి, లారీ డ్రైవర్ చాయకు వెళ్లిన సమయంలో, ఆ రోజు బండ్ల మొత్తం తూకం తెర మీదికి వచ్చింది. మిల్లు కంప్యూటర్ లెక్కతో సరిపోయింది. ప్రోగ్రాం వంకరటింకరగా ఉందని ఎవరికీ చూపించలేదు.

పొద్దు వాలుతుండగా సూర్యాపేటకు ఫోన్ చేసింది.

"పైథాన్ రాసుకోండ్రి మేడం."

"దానికి శానమంది ఉన్నరమ్మా. జావాకు తక్కువున్నరు. మంచిగ ఆలోచించుకున్నవా?"

ప్రవళికకు జావా అందామని నోటిదాకా వచ్చింది. జావాలో తను ఎక్కడ ఆగిపోయిందో ఆమెకు తెలుసు.

"పైథానే, మేడం."

"సరే, రాసిన." కృప ఫోన్ పెట్టేసింది.

బయట ట్రాక్టర్ స్టార్ట్ అయింది. హాలియా దారిలో ఒక మిల్లు వడ్లు చూస్తామందట, తీసుకుంటామని మాత్రం అనలేదట. నర్సింహ ఎక్కబోతూ కిటికీ దగ్గర ఆగాడు.

"ఏమని చెప్పినవ్?"

"ఒకటే చెప్పిన."

"ఒక్కటేనా?" అతని ముఖంలో రంగు మారింది. "అది అక్కరకు రాకపోతే ఎట్ల బిడ్డా?"

అదే ప్రశ్న పొద్దుటి నుంచి ఆమె కూడా తనను అడుగుతూనే ఉంది. ఫోన్ పెట్టేసినా ఆగలేదు. కాంటా మీదికి నిండు లారీ ఎక్కుతోంది. తెర మీద అంకెలు ఊగుతున్నాయి.

"నువ్వు పో నాయినా, ఎనక బండ్లున్నయ్," అంది.