కట్టెకాలు దొంగకు ఒక గడి తక్కువ

మొన్న వైరాలో మా ఇంట్లో మా అమ్మాయి ఫోన్లో కొత్త ఆట డౌన్‌లోడ్ చేసుకుంది. అందులో మనం ఓడదొంగలం కావాలి. ఏ దొంగ కావాలో ముందే ఎంచుకోవాలి. వరసగా బొమ్మలు వచ్చాయి. ఒంటికన్నువాడు, చేతికి కొక్కెం ఉన్నవాడు, కట్టెకాలువాడు. మిగతావాళ్లకు బారుగా ఉన్న వేగం గీత కట్టెకాలువాడికి గోరంతే ఉంది. "వీడు స్లో అమ్మా, వీడొద్దు" అని మా అమ్మాయి వాణ్ణి వేలితో పక్కకు తోసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ గీత గీసినవాడి మీద. ఓడదొంగ అనగానే ఏదో ఒక అవయవం తీసేయడం, తీసేసి ఊరుకోకుండా పైన జరిమానా కూడా వేయడం, ఇదేం పద్ధతి?

ఇల్లందులో మా అక్కావాళ్లింట్లో ఇలాంటిదే ఒక అట్టపెట్టె ఆట ఉండేది. బావ హైదరాబాదు నుంచి తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బగారన్నం, కోడికూర తిన్నాక, చాప మీద ఆ అట్ట పరిచేవాళ్లం. నీలం రంగు సముద్రం, దాని నిండా గడులు. మాలో సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే వైరా రిజర్వాయరే. అయినా ఓడలు దోచుకోవడంలో ఒకరికొకరు తీసిపోయేవాళ్లం కాదు. పాచికలు కనబడితే పాస్టరుగారు జూదమంటారేమోనని బావ వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చేవాడు.

అక్క నర్సు. దవాఖానా జీపులో భద్రాచలం వైపు అడవి పల్లెలకు పోయి, కడుపుతో ఉన్నవాళ్లను చూసి వచ్చేది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఒకరోజు బజారుకు పోతుంటే లారీ గుద్ది ఎడమకాలు మోకాలి కింది నుంచి పోయింది. పెట్టుడు కాలుతో పట్టుబట్టి నడక నేర్చుకుంది. ముందు వాకిట్లో, తర్వాత గుట్ట దారిలో. తీరా డ్యూటీకి పోతే చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జీపు ఎక్కుతానని ఎప్పుడడిగినా డాక్టరమ్మ "చూద్దాం" అనేదట. చూస్తూ చూస్తూ రెండేళ్లు గడిచాయి.

అలాంటి ఒక ఆదివారం ఆటలో కార్డులు పంచితే కట్టెకాలు దొంగ అక్కకే వచ్చాడు. "మావోడే వచ్చిండు" అని అక్క నవ్వి కార్డుకు ముద్దు పెట్టింది. పాచిక వేస్తే ఐదు పడింది. ఐదు గడులు జరపబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "నాలుగే. కట్టెకాలుకు ఒక గడి తక్కువని రాసున్నది."

"గిదేంది? ఓడల వీనికి నడిచేదేమున్నది? నడిచేది ఓడ. వీడు ఊకె నిలబడతడు" అంది అక్క. అంతటితో ఆగక నా చేతిలోని ఒంటికన్ను దొంగను లాక్కుంది. వాడికి తుపాకి గురి తక్కువని రాసి ఉంది. "గురి పెట్టేటప్పుడు రెండు కండ్లున్నోడు గూడ ఒకటి మూస్తడు గదా! మరి వీనికెందుకు తగ్గించిండ్రు?"

నాకు నవ్వు ఆగలేదు. బావ నవ్వలేదు. అచ్చులో ఉన్నదానికి ఎదురుచెప్తే ఆయన సహించడు. "గింత మొండిదానివని ఎరికయ్యే, జీపు ఎక్కనియ్యొద్దని డాక్టరమ్మకు నేనే చెప్పిన. ఆ అడవి దారులల్ల యాడ పడతవో ఏమో. నీ మంచికే" అన్నాడు.

అక్క చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. "అంటే, నా గడి తగ్గించింది నువ్వా?" అని మెల్లగా అడిగింది.

"అవ్. నీ మంచికే అంటున్న గదా."

"రెండేండ్ల సంది డాక్టరమ్మను తిట్టుకుంటున్న. నువ్వు ఇంటనే ఉన్నవ్. ఒక్కపారన్న నన్ను అడిగినవా?"

అక్క మంచం కోడు పట్టుకుని లేచి లోపలికి పోయింది. మర్నాడు డాక్టరమ్మ ముందు నిలబడి, తన సంగతి తననే అడగమని తేల్చి చెప్పింది. ఆ వారమే జీపెక్కింది. ఇప్పటికీ ఎక్కుతూనే ఉంది.

బావ చెడ్డవాడు కాడు. అక్కకు ఇప్పటికీ స్నానానికి నీళ్లు ఆయనే తోడి పెడతాడు. నా కోపమంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోదును. అక్క ఆయన్ని ఎప్పుడో క్షమించేసింది, నావల్లే కాలేదు. పోయిన కాలుకు పెట్టుడు కాలు దొరికింది. పోయిన ఆ రెండేళ్లకు పెట్టుడు కాలం ఎక్కడ దొరుకుతుంది?