చప్పుడు చేయని లాప్‌టాప్

లాప్‌టాప్ కొనాలనుకున్నప్పుడు నేను అడిగిన సలహాలకంటే అడగకుండా వచ్చినవే ఎక్కువ. ఇళ్లలోనే పాటలు తయారుచేసుకునే వాళ్లందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఒక మాట వదిలానో లేదో, తేనెతుట్టె కదిలింది. ప్రాసెసర్ పెద్దదుండాలన్నారు, ర్యామ్ దండిగా ఉండాలన్నారు, గేమింగ్ మిషన్ కొంటే జన్మకు సరిపోతుందన్నారు. నేనూ బుద్ధిగా తలూపాను. బోనాల పాటలకూ పెళ్లి బరాత్‌లకూ డీజే బీట్లు కట్టడం నా పని. నా పాత లాప్‌టాప్ నాలుగు డప్పులు పేర్చేసరికే ఆయాసపడేది.

కానీ ఆ ఏడాది నన్ను తరిమిన తొందర డప్పులది కాదు, అమ్మది.

మా ఇల్లు పురానాపూల్ దగ్గర. ఇంటి వెనక కొట్టంలో ఒకప్పుడు బర్రెలు నిండుగా ఉండేవి, చివరికి ఒక్కటి మిగిలింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ ముడుచుకుని కూర్చుని పాలు పిండలేకపోతోంది. నేను పొదుగు మీద చెయ్యి వేస్తే అది తంతుంది. దసరా దాటగానే అమ్మేద్దామని అమ్మే తేల్చేసింది. బర్రె పోతే దాంతోపాటు పాట కూడా పోతుందని నాకు దిగులు పట్టుకుంది.

అమ్మ పాలు పిండేటప్పుడు పాడుతుంది. పాడితేనే ఆ బర్రె చేపుతుంది, లేకపోతే పాలు బిగబట్టుకుని గోడవైపు తిరిగి నిలబడుతుంది. పాటలో రోజూ ఉండేది పల్లవి ఒక్కటే. మిగతాదంతా ఆ రోజు లొల్లి: నీళ్లు రాని నల్లా, పుచ్చిపోయిన దాణా, నా మొండితనం. మర్నాడు అడిగితే ఆమెకే గుర్తుండదు. బకెట్లో పడే పాలధారే తాళం. బకెట్ నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది, అమ్మ గొంతు కూడా దానితోపాటే దిగుతుంది. ఇన్నేళ్లు డప్పులతో కుస్తీపట్టినా అంత చక్కటి తాళం నా చేతికి చిక్కలేదు.

ఫోన్లో రికార్డు చేస్తే పోయేదిగా అంటారేమో. చేశాను. ఫోన్ తన తెలివి చూపించింది. పాలధారను పనికిరాని రొద అనుకుని శుభ్రంగా తుడిచేసి, అమ్మ గొంతొక్కటే మిగిల్చింది. అది వింటే నూతిలోంచి పిలుస్తున్నట్టుంది.

సరే, పద్ధతిగా చేద్దామని అమ్మను నా గదిలోకి పిలిచాను. కిటికీలకు బొంతలు కట్టి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, మైకు ముందు కూర్చోబెట్టాను. ఆ నిశ్శబ్దంలో పాత లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ పిండిగిర్నీలా అందుకుంది. అమ్మ చెమట తుడుచుకుంటూ నన్నూ మైకునూ మార్చి మార్చి చూసింది.

"ఏంది బిడ్డా, ఉత్తగనే పాడాలెనా? ఎవలికి పాడాలె?"

"నాకే పాడు అమ్మా."

"నువ్వేమన్న పాలిస్తవా?" అని నవ్వి, లేచి వెళ్లిపోయింది.

పాట గదిలోకి రాదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. లాప్‌టాపే కొట్టంలోకి వెళ్లాలి. కొట్టంలో ప్లగ్గు లేదు, పాతదానికి బ్యాటరీ లేదు. అంతవరకూ గ్రూపువాళ్లు నూరిపోసిందంతా నాకు ఆ క్షణం నుంచి అక్కరకు రాకుండా పోయింది.

నయాపూల్ దాటి కోఠిలో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారుడు మొదట పెద్ద గేమింగ్ మిషనే ముందు పెట్టాడు.

"దేఖో మేడమ్, రాకెట్ లెక్క ఉరుకుతది."

ఆన్ చేసి, కాసేపు పని చెప్పి, వంగి దానికి చెవి ఆనించాను. "ఉరుకుడేమో గని, మోగుడు గుడ రాకెట్ లెక్కనే ఉన్నది భాయ్. ఒక్క నిమిషం మీద తిరిగే సీలింగ్ ఫ్యాన్ బంద్ చెయ్యరాదు?"

ఆయన ఫ్యాన్ ఆపి నావైపు జాలిగా చూశాడు. "అందరు కండ్లతోని చూసి కొంటరు. చెవితోని కొనేటోళ్లను మిమ్మల్నే చూస్తున్న." తర్వాత ఒక పలచటిది తీశాడు. "గిండ్ల ఫ్యానే లేదు. పొద్దుగూకేదాంక బ్యాటరీ ఉంటది. మగర్ బరువు పని చెయ్యదు. రేపొచ్చి లొల్లి చెయ్యొద్దు."

నా మనసు పీకింది. దీన్ని తీసుకుంటే బరాత్ పనులు సగం వదులుకోవాలి. గ్రూపులో ఎగతాళి ఎలాగూ తప్పదు. అయినా డప్పులను ఇంకో ఏడాది పేర్చుకోవచ్చు, దసరాను ఆపలేను కదా. పలచటిదే తీసుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే దాణా బస్తా మీద లాప్‌టాప్ తెరిచి, మైకును గుంజకు కట్టాను. బర్రె ఒకసారి మూతి చాచి వాసన చూసి ఊరుకుంది. అమ్మ పొదుగు కడిగి మొదలుపెట్టింది. పొద్దెక్కినా లేవదు నా బిడ్డ, పెట్టె ముందర కూసుంటది నా బిడ్డ అని ఆ రోజు పాటంతా నన్ను తిట్టడానికే సరిపోయింది. నవ్వు ఆపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకున్నాను. పాలధార, అమ్మ గొంతు, దూరంగా మసీదులో అజాన్, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. లాప్‌టాప్ మాత్రం కిమ్మనలేదు.

దసరా వెళ్లాక చాంద్రాయణగుట్ట నుంచి తెలిసినాయన వచ్చి బర్రెను తోలుకెళ్లాడు. మూడోనాడు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ బర్రె చేపుతలేదే. దగ్గరికి వోతే కాలు జాడిస్తున్నది. ఏం జెయ్యాలె?"

"నేను రేపొస్త తియ్యన్నా. నా గొంతు ఇంటే అదే చేపుతది," అంది అమ్మ. ఆ మోకాళ్లతో అంతదూరం ఎలా వెళ్తుందని నాకు భయమేసింది. ఆమెకు చెప్పకుండానే కొట్టంలో చేసిన రికార్డింగ్‌ను ఆయనకు వాట్సాప్‌లో పంపాను.

పొద్దున్నే మళ్లీ ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"మస్తు చేపింది అమ్మా! బిడ్డ వంపిన పాటను దాని చెవుకాడ వెట్టిన, ఇగ ధార ఆగలేదు. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, రానక్కర్లేదు."

నేను కొన్న మిషన్ మీద నాకు గర్వం పొంగుకొచ్చింది. నవ్వుతూ వెనక్కి తిరిగాను. అమ్మ అప్పటికే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, మోకాళ్లకు పట్టీలు వేసుకుని గడపలో కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో బర్రెకోసం నానబెట్టిన పల్లిచెక్క ఉంది.

అమ్మ వంగి పట్టీలు విప్పుకోవడం మొదలుపెట్టింది. "మంచిగైంది తియ్. పాలకోసమే గాదు బిడ్డా, ఒక్కపారి దాన్ని సూశొద్దామనుకున్న, గంతే."