వేడెక్కని రేడియో

పాత కాలం కథతో ఏ సినిమా వచ్చినా, జగ్గయ్యపేటలో రేడియోలు బాగుచేసే పీరా మొదటి ఆటకే వెళ్తాడు. దగ్గరి చూపు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెర మీద తప్పులు వెతుకుతాడు. మొన్న హీరో వాల్వు రేడియో మీట తిప్పీ తిప్పగానే పాట మోగింది. "వాల్వులు వేడెక్కొద్దా? అరనిమిషమన్నా పట్టదూ?" అని హాలంతా వినేలా అరిచాడు. ఇంటికొచ్చినా ఆ ఉక్రోషం తగ్గలేదు.

"మన పెళ్లినాడు మీ నందిగామ ఇంట్లో రేడియో పెట్టా కదా, పాట రావడానికి ఎంతసేపు పట్టిందో నువ్వే చెప్పు," అని భార్యని సాక్ష్యం అడిగాడు.

ఫర్జానా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఆ రోజు కరెంటే లేదండీ. పాడింది మీరు," అంది.

పీరా కళ్లజోడు కిందికి దించి ఆమె మొహంలోకి చూశాడు. "బాగా పాడానా?"

"ఏమో! గొంతు సవరించుకోవడానికే అరనిమిషం పట్టింది."